కచేరి లిపియు, అడవి అక్షరములును

హనుమకొండ నగరమున సుబేదారి యను పేట కలదు. నేడది కళాశాలకును, ప్రభుత్వ కార్యాలయములకును నెలవై నిత్యము జనసంచారముతో నిండియుండును. కాని అసఫ్ జాహీ ప్రభువుల కాలమున ఆ పేట ప్రాముఖ్యమంతయు అచ్చట నివసించిన సుబేదారను మహోద్యోగి నాశ్రయించి యుండెను. 1886లో పునాది పడిన ఆయన బంగళా తరువాతి కాలమున జిల్లా కలెక్టరు నివాసమైనది. 1905లో జిల్లాల పునర్విభజన జరిగిన పిమ్మట ఓరుగల్లు, కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలు మూడును ఓరుగల్లు సుబాలో చేరినవి గనుక, ఖమ్మము సీమ మొదలుకొని పెన్‌గంగ యొడ్డు వరకు గల పల్లెల శిస్తు లెక్కలును, భూమి తగవులును, అడవి హద్దుల వివాదములును, తహసీలు నుండి జిల్లాకును, జిల్లా నుండి సుబాకును ఎక్కివచ్చు కాగితముల రూపమున, ఈ పేటకు చేరుచుండెను. ఉట్నూరు కొండలలో పోడు కొట్టుకొని జొన్న పండించు గోండు రైతు సుబేదారును కన్నెత్తి చూచి యుండడు. అయినను వాని చేని గట్టు ఎవరిదను తీర్పు వ్రాయబడు తావులలో నిదియు నొకటి.

ఆ కాగితము ఏ భాషలో, ఏ లిపిలో నుండెనను ప్రశ్న చిన్నది కాదు. 1884 వరకు హైదరాబాదు రాజ్యమున అధికారభాష ఫారసీ. తరువాత ఉర్దూ ఆ స్థానము నాక్రమించెను. అర్జీ, పట్టా, పంచనామా, ఫైసలా అను మాటలు తెలుగువాని నాలుకపై నేటికిని నిలిచియుండుటకు కారణమిదియే. కుడి నుండి యెడమకు సాగు ఆ వ్రాత సుబాలోని రైతుజనములో నూటికి తొంబదిమందికి పైగా తెలియనిది. కావున కచేరి ద్వారము కడ అర్జీ వ్రాసిపెట్టు మున్షీయు, ఊరిలో లెక్కలు వ్రాయు పట్వారీయు, చదువరి యైన వడ్డీవ్యాపారియు, రైతునకును అతని భూమికిని నడుమ నిలిచిరి. ఈ దుఃఖము తెలుగువారికి లేకపోలేదు. 1904లో హనుమకొండలోనే రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలయుటయు, తరువాత గ్రంథాలయోద్యమము పల్లెపల్లెకు ప్రాకుటయు, కచేరీలో చోటు దొరకని భాష తనకై తాను కట్టుకొన్న ఇండ్ల చరిత్రయే.

అయితే తెలుగువాని లేమికిని, గోండు కోయ కోలాముల లేమికిని భేదము కలదు. సుబేదారు కచేరిలో తెలుగునకు పీఠము లేకున్నను, అదే హనుమకొండలోని వేయిస్తంభముల గుడిలో కాకతీయ రుద్రదేవుడు 1163లో వేయించిన శాసనము తెలుగు కన్నడములకు సమానమైన నాటి లిపిలో చెక్కబడి, దారినిబోవు వానికి తన అక్షరముల ప్రాచీనతను చాటుచునే యుండెను. తెలుగువాడు కోల్పోయినది అధికారము, అక్షరము కాదు. గోండునకు రెండును లేవని లోకము తలచెను. చంద్రపురము నేలిన రాజవంశముల కథలను, తన గోత్రముల పుట్టుకను పర్ధానుల కంఠమునందు దాచుకొన్న ఆ జాతి, పట్టా యను కాగితము యెదుట నిరుత్తరమయ్యెను. తరతరములుగా తాము దున్నిన భూమి పరులపేర కాగితమునకు ఎక్కినదని అనేకులు తెలిసికొన్నది, తమను తొలగింప వచ్చినవారి నోటినుండియే. 1940లో జోడేఘాట్ కొండలపై గోండుల తిరుగుబాటు నాయకుడు కొమరం భీము నేలకొరిగిన తరువాత, ఈ అశాంతికి కారణమేమో కనుగొనుటకు నిజాము ప్రభుత్వము క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని సాయము కోరెను. గోండుల భూమి చేజారుటలో వారి నిరక్షరత పాత్ర యెంతటిదో ఆయన పరిశీలనలు స్పష్టము చేసినవి.

ఇట్టి స్థితిలో నున్న జాతి కచేరి లిపిని నేర్చుకొనవచ్చును, లేదా తన లిపిని తానే కల్పించుకొనవచ్చును. మొదటిది సులభమని తోచును. కాని ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున మధ్యభారతపు అడవులలో రెండవ మార్గము తొక్కినవారు ఒకరిద్దరు కారు.

వారిలో గోండి భాషకు సంబంధించినంత వరకు మున్షీ మంగళ్ సింగ్ మసారాము పేరు ముందు చెప్పదగినది. నేటి మధ్యప్రదేశములోని బాలాఘాట్ ప్రాంతీయుడైన ఈయన 1918లో గోండి కొక నూతన లిపిని కల్పించెను. హైదరాబాదులో ఉర్దూ బోధనాభాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయము నెలకొన్నదియు ఆ యేడే. ఒకచోట రాజు ఫర్మానాతో భాషకు విద్యాపీఠము లభించెను. మరియొకచోట ఏ ఫర్మానాయు లేక ఒక వ్యక్తి తన భాషకు వర్ణమాల సమకూర్చెను. మసారాము లిపిలో హల్లునకు అకారము సహజముగా అంటియుండుట, తక్కిన అచ్చులు గుణింతపు గుర్తులుగా చేరుట మొదలగు లక్షణములు బ్రాహ్మీసంప్రదాయము నుండి వచ్చినవే. కాని అక్షరముల ఆకారములు నాగరికి గాని తెలుగునకు గాని అనుకరణములు కావు. ఎముకల అమరిక పాతది, ముఖము క్రొత్తది.

తెలుగు సీమ తూర్పు కొసన మరింత విచిత్రమైన చరిత్ర నడచెను. శ్రీకాకుళము మన్యమున, ఒరిస్సా కొండలలో నివసించు సవరల భాష ముండా కుటుంబమునకు చెందినది. తెలుగుతో దానికి జన్మసంబంధము లేదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై యుండిన గిడుగు వేంకట రామమూర్తి ఆ భాషను సవరల నోటినుండి విని నేర్చి, సవర పిల్లలకు వారి భాషలోనే బడులు పెట్టించి, తెలుగు లిపిలో పాఠపుస్తకములు వ్రాసెను. 1931లో ఆయన సవర వ్యాకరణ గ్రంథమును, 1938లో సవర ఇంగ్లీషు నిఘంటువును వెలువడినవి. తెలుగునాట ఆయన కీర్తి వాడుకభాషోద్యమమున కంటియున్నది గాని, నోటిమాటకు పుస్తకమున చోటుండవలెనను ఆయన సిద్ధాంతము తొలుత కొండలలోనే పరీక్షకు నిలిచినదని చెప్పుట అతిశయోక్తి కాదు. ఆయన సవరలకు అరువిచ్చినది తెలుగు లిపి. అరువైనను అది అక్కరకు వచ్చిన అరువు.

1936లో ఒరిస్సా రాష్ట్రము క్రొత్తగా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరగా, వృద్ధుడైన రామమూర్తి ఆ యూరు విడిచి రాజమహేంద్రవరము చేరెను. సరిగా ఆ సంవత్సరమే గుణుపురము సీమకు చెందిన మంగేయి గొమాంగో అను సవర, సోరాంగ్ సోంపేంగ్ అను లిపిని తన జనులకు ప్రకటించెను. అది పండితుని గది నుండి వెలువడిన పథకము కాదు. దైవసాక్షాత్కారముగా పుట్టిన లిపి. ఇరువదినాలుగు అక్షరములు ఇరువదినలుగురు దేవతల పేర వెలసినవని అనుయాయుల విశ్వాసము; అక్షరమునే బ్రహ్మముగా కొలుచు ఆరాధన ఆ లిపి చుట్టును అల్లుకొనెను. నిర్మాణమందును అది పొరుగు లిపులను అనుసరింపలేదు. తెలుగులో వలె అచ్చు గుర్తు హల్లు తలపైననో ప్రక్కననో ఒదిగియుండక, అచ్చులు విడి యక్షరములుగా హల్లు తరువాత నిలుచును. ఒరిస్సాలో ఒరియా అక్షరములు, ఆంధ్రమున తెలుగక్షరములు, క్రైస్తవ ప్రచారకుల పుస్తకములలో రోమను అక్షరములు ఇట్లు ముక్కలైన ఒకే భాషకు, ఎవరి సొత్తును గాని లిపి యొకటి కావలెనన్న ఆకాంక్షకు మంగేయి రూపమిచ్చెను. మతము ఆ లిపికి ప్రాణమిచ్చెను. ఆ మతమే దాని ఎల్లయు నయ్యెను. ఆ ఆరాధనకు వెలుపలనున్న సవర దానిని తన బడి లిపిగా స్వీకరింపలేదు.

సంతాలీ భాషకు మయూరభంజ ప్రాంతీయుడైన పండిత రఘునాథ ముర్ము 1925లో కల్పించిన ఓల్ చికి చరిత్ర దీనికి భిన్నముగా నడచెను. ముప్పది అక్షరముల ఆ లిపిని ఆయన గుడిలో నుంచలేదు. నాటకములు వ్రాసెను, వాచకములు వ్రాసెను, ఊరూర తిరిగి నేర్పెను. 2003లో రాజ్యాంగపు 92వ సవరణతో సంతాలీ ఎనిమిదవ షెడ్యూలులో చేరిన తరువాత పరీక్షలకును పాఠశాలలకును ఆ లిపి ప్రవేశించెను. గోండి నేటికిని ఆ షెడ్యూలునకు వెలుపలనే యున్నది. 2011 జనాభా లెక్కల ననుసరించి గోండి మాతృభాషగా చెప్పుకొన్నవారు ఇంచుమించు 29 లక్షల 84 వేలమంది.

లిపి నిర్మాణము కేవలము అవసరము వలననే జరుగుననుట పూర్తి సత్యము కాదు; కొందరు ముచ్చటకును, ధ్యానమునకును లిపులు కల్పించిరి. పండ్రెండవ శతాబ్దిలో జర్మనీ దేశపు సన్న్యాసిని హిల్డెగార్డు తాను కల్పించిన రహస్యభాషకు 23 అక్షరముల లిపిని కూర్చుకొనెను. ఇంగ్లండున టోల్కీను అను భాషాశాస్త్రాచార్యుడు 1954, 1955లలో ప్రకటించిన తన మహాకథలోని కల్పితజాతులకు భాషలను, వాటికి తగిన లిపులను నిర్మించెను. అవి మేధాసౌందర్యమున నిరుపమానములు కావచ్చును. కాని వాటి యోగ్యతను పరీక్షించుటకు చదువురాని పిల్లవాడు గాని, భూమి పోగొట్టుకొన్న రైతు గాని లేడు. కల్పించినవాని సంతృప్తియే అచ్చట తుది తీర్పు. నిజమైన భాషకు లిపి కల్పించువానికి ఆ స్వేచ్ఛ లేదు.

అట్టివాడు మొదట తన భాష ధ్వనులను లెక్కింపవలెను. ఏ రెండు ధ్వనుల భేదము వలన అర్థము మారునో వాటికి వేరు గుర్తులుండవలెను. మారని చోట గుర్తు వృథా. తరువాత ఆకారముల ఎన్నిక. తాటియాకుపై గంటముతో వ్రాయునపుడు నిడుపు గీతలు ఆకును చీల్చునని మన అక్షరములు గుండ్రనైనవని పెద్దలు చెప్పుదురు. కాగితము మీద కలముతో పుట్టిన లిపికి ఆ నిర్బంధము లేదు గాని, చేయి యెత్తకుండ వడిగా వ్రాయవలెనన్న నిర్బంధము కలదు. ఒకదానితో నొకటి పొరబడని అక్షరములు కావలెను. మన బ, భలు గాని, ప, ష, వలు గాని కొత్తగా నేర్చువానిని ఎంత తికమకపెట్టునో ప్రతి పంతులుకును తెలిసినదే. ఈ చిక్కులన్నియు దాటిన లిపులలో కొరియా రాజు సేజోంగు 1443లో పూర్తిచేసి 1446లో ప్రకటించిన 28 అక్షరముల లిపి ప్రసిద్ధము. ఆయా హల్లులను పలుకునపుడు నాలుకయు, పెదవులును, కంఠమును ఉండు తీరునే అందలి మూలాక్షరములు చూపును. ఇంతటి శాస్త్రీయమైన లిపిని, అందులోను సాక్షాత్తు రాజే ప్రకటించినను, ఆస్థాన పండితులు ప్రతిఘటించిరి; ప్రభుత్వ పత్రములు 1894 వరకు చీనా అక్షరములలోనే సాగినవి. నాలుగున్నర శతాబ్దములు ఆ లిపి అంతఃపురములలోను, కథల పుస్తకములలోను, సామాన్యుల ఉత్తరములలోను కాలము గడపెను.

అమెరికాలో చెరొకీ జాతివాడైన సెకోయా కథ దీనికి ప్రతిపక్షము. ఏ భాషయు చదువనేరని ఆ కంసాలి, తెల్లవారి కాగితముల శక్తిని దూరమునుండి చూచి, 1821 నాటికి తన భాషలోని ఒక్కొక్క అక్షరధ్వనికి ఒక్కొక్క గుర్తు చొప్పున లిపి కట్టెను. చెరొకీల సభ దానిని తన లిపిగా గ్రహించెను. 1828లో ఆ లిపిలో అచ్చైన వార్తాపత్రిక వెలువడెను. రాజు కల్పించిన లిపికి నాలుగున్నర శతాబ్దములు పట్టిన పని, కంసాలి కల్పించిన లిపికి ఏడేండ్లలో నెరవేరుటకు కారణము అక్షరముల సొగసు కాదు. తన సభయు, తన అచ్చుయంత్రమును ఆ జాతి చేతిలో నుండెను.

ఈ కొలత చేతబట్టి మరల మన సుబాకు వత్తము. 1943లో ఆదిలాబాదు మండలమున మార్లవాయి గ్రామములో హైమండార్ఫు పర్యవేక్షణమున గోండు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రము తెరువబడెను. గోండి భాషలో వాచకములు సిద్ధమైనవి; లిపిగా దేవనాగరిని గైకొనిరి, ఆ ప్రాంతపు వ్యవహారమున మరాఠీ పలుకుబడి మిక్కుటము గనుక. గోండు యువకులే పంతుళ్లై గోండు పిల్లలకు గోండిలో చదువు చెప్పిన ఆ కొద్ది సంవత్సరములు ఆ జాతి విద్యాచరిత్రలో అపురూపములు. లిపి అరువుదే, కాని పుస్తకమున్నది, పంతులున్నాడు, జీతమున్నది. కనుక పని నడచెను. నిజాము రాజ్యము పోయి, 1956లో భాషారాష్ట్రమేర్పడిన తరువాత బడిలో తెలుగు వెలసెను; గోండి వాచకములు మూలబడినవి. ఉర్దూ కచేరిలో తన భాషకు చోటు లేదని నిన్నటిదాక వాపోయిన తెలుగువాడు, తన చేతికి బడి వచ్చినప్పుడు గోండికి చోటుంచవలెనని తలచడయ్యెను. ఇది నిష్ఠురమైన మాటయే గాని నిజము.

ఇంతలో ఎవరును ఎదురుచూడని సాక్ష్యమొకటి ఆదిలాబాదు అడవులలో బయటపడెను. 2006లో హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు సంబంధించిన పరిశోధకులు, ఆచార్య జయధీర్ తిరుమలరావు సారథ్యమున, నార్నూరు ప్రాంతములోని గుంజాల గ్రామమున కొన్ని చేవ్రాత ప్రతులను కనుగొనిరి. అందలి భాష గోండి; లిపి మసారాముది కాదు, నాగరి కాదు, తెలుగు కాదు. ఊరిలో కొందరు వృద్ధులు మాత్రమే దానిని చదువగలిగి యుండిరి. ప్రతులలో కొన్ని 1750 ప్రాంతమునకు చెందినవని పరిశోధకుల అంచనా. చంద్రపుర గోండు రాజుల వృత్తాంతములును, ఆంగ్లేయుల నెదిరించిన రాంజీ గోండు తిరుగుబాటును అందు ప్రస్తావింపబడినవి. మున్షీ కచేరిలో ఉర్దూ వ్రాయుచున్న దినములలో, పట్వారీ గొలుసుకట్టు వ్రాతలో లెక్కలు పెట్టుచున్న దినములలో, నిరక్షరులని లెక్కింపబడిన పల్లెలో తమ చరిత్రను తమ అక్షరములలో వ్రాసి దాచుకొన్నవారుండిరను సత్యము సుబా దస్త్రములకు ఎక్కలేదు.

గుంజాల వర్ణమాల క్రమము ప్రత్యేకముగా గమనింపదగినది. మనకు క, ఖ, గ, ఘ అని కంఠము నుండి పెదవులకు వచ్చు వరుస వేదశిక్షా సంప్రదాయము నుండి సంక్రమించినది. భారతదేశ లిపులు ఇంచుమించుగా అన్నియు దాని ననుసరించినవి. గుంజాలలో హల్లులు య, వ, బ, భ, మ అని మొదలై, క, ఖ, త, థ, ల అని సాగును. లిపి నిర్మాణము బ్రాహ్మీసంతతిదే, అక్షరములలో మరాఠీ వ్రాతకు వాడిన మోడీ లిపి పోలికలును తెలుగు పోలికలును కనిపించును. అయినను వరుస మాత్రము వేరు. దీనిని కూర్చినవారెవరైనను, పండితుల అక్షరమాలను అరువు తెచ్చుకొన్నవారు కారు. తమ పిల్లలకు తమ తీరున అక్షరాభ్యాసము చేయించినవారు.

పిమ్మట జరిగిన పనులు వేగముగా జరిగినవి. లిపికి అచ్చుకు తగిన అక్షరరూపములు తయారైనవి, వాచకము వెలువడినది, ఉట్నూరు ప్రాంతపు కొన్ని పాఠశాలలలో నేర్పు ప్రయత్నములును జరిగినవి. సకల దేశముల లిపులకు యంత్రములలో స్థానము కల్పించు యూనికోడ్ పట్టికలో సోరాంగ్ సోంపేంగ్ 2012లోను, మసారాము గోండి 2017లోను, గుంజాల గోండి 2018లోను చేరినవి. మరియొక వైపు విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యురాలు సత్తుపాటి ప్రసన్నశ్రీ కోయ, కొండదొర, గదబ, జాతాపు మొదలగు పెక్కు గిరిజన భాషలకు లిపులు రూపొందించి, 2021 సంవత్సరపు నారీశక్తి పురస్కారము నందుకొనెను. ఓరుగల్లు పొరుగున మేడారపు అడవులలోని కోయలకు అంతకుముందే తమ వంశచరిత్రలను బొమ్మలతో చూపు పడిగె గుడ్డలున్నవి. డోలి కళాకారులు వాటిని విప్పి కథ చెప్పుదురు. అది లిపి కాదు. అయినను జ్ఞాపకమును కంటికి కట్టవలెనను కోరిక ఆ జాతిలో ఎంత పాతదో అవి తెలుపును.

ఇప్పుడు మన ముందున్న స్థితి పూర్వపు స్థితికి తలక్రిందులైనది. నాడు లిపి లేదను కొరత. నేడు ఒక్క గోండికే నాగరి, తెలుగు, మసారాము, గుంజాల అను నాలుగు లిపులు. మహారాష్ట్రములోని గోండు ఒకటి చదువును, తెలంగాణములోని గోండు మరియొకటి చదువును. ఒకరి ఉత్తరము ఒకరికి అందదు. లిపి జాతి నేకము చేయవలసినది గదా, ఈ బాహుళ్యము చీల్చుట కాదా యని అడుగువారున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని నాలుగింటిలో రెండు, ఆ భాష తెలియని ప్రభుత్వములు తమ సౌకర్యము కొరకు తగిలించినవని కూడ స్మరింపవలెను. తక్కిన రెండింటి నడుమ ఏది నిలువవలెనో పండితుల తర్కమువలన తేలునది కాదు. గుంజాలకు ప్రాచీనత బలము. మసారామునకు మధ్యభారతమున శతాబ్ద ప్రచారము బలము. ఈ రెండు బలములును బడి లేనిదే నిరర్థకములు.

ఈ చరిత్రలన్నియు కలిపి చూచినచో ఒక్క నిర్ణయము తప్పదు. సేజోంగు లిపి శాస్త్రీయమై యుండియు నాలుగున్నర శతాబ్దములు వేచెను. సెకోయా లిపి ఏడేండ్లలో పత్రికయైనది. మంగేయి లిపి ఆరాధనలో నిలిచెను. ముర్ము లిపి షెడ్యూలులో చేరి పరీక్షాపత్రమైనది. మార్లవాయిలో అరువు లిపియే కొన్నాళ్లు ఒక జాతిని చదివించెను. లిపిని కల్పించుట ప్రతిభావంతుడైన ఒక్కని వలన నగును. దానిని బ్రతికించుట పాఠశాల, అచ్చుకూటము, కచేరి అను మూటివలననే యగును. యూనికోడ్‌లో స్థానము దొరకుట గౌరవమే గాని, అది యంత్రము ఇచ్చిన అనుమతి మాత్రము. చదువరి నది పుట్టింపలేదు.

కావున గోండి కే లిపి యను తీర్పు గోండులకే విడువవలెను. అందులో తెలుగు పండితునకు గాని, ప్రభుత్వమునకు గాని పెత్తనము తగదు. వారు ఏరుకొన్న లిపిలో అయిదు తరగతుల వాచకములు అచ్చువేయించుటయు, దానిని నేర్పగల గోండు పంతుళ్లకు స్థిరమైన ఉద్యోగములిచ్చుటయు, తహసీలులో పట్టా నకలును ఆ భాషలో, ఆ లిపిలో కోరిన రైతునకు ఇచ్చుటయు ప్రభుత్వము బాధ్యత. ఒకనాడు పరాయి లిపి యెదుట చేతులు కట్టుకొని నిలిచిన తెలుగువారు ఈ కోరికను గోండుల పక్షమున మొదట తామే వినిపించుట ధర్మము.